టెక్సాస్‌లో కమ్యూనిటీ హెల్త్ వర్కర్‌గా రాష్ట్ర సర్టిఫికేషన్ పొందడం ఎలా?

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ పరిసరాల్లో తెలుగు సంఘాలు, ఆలయాలు నిర్వహించే ఆరోగ్య శిబిరాల్లో సేవ చేస్తున్నవారు తరచుగా అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. నర్సింగ్ చదవనివారు ఈ సర్టిఫికేట్ తీసుకోవచ్చా? హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చే వీసా) మీద ఉన్నవారికి ఇది వర్తిస్తుందా? ఏళ్ల తరబడి చేసిన సేవను గంటల్లో లెక్కించి చూపించడం ఎలా? వీటికి సమాధానాలను ఒకే చోట, చేయవలసిన వరుసలో ఇక్కడ ఇస్తున్నాను.

కమ్యూనిటీ హెల్త్ వర్కర్ అంటే వైద్యం చేసే వ్యక్తి కాదు. తన సమాజానికి చెందినవారి భాష, అలవాట్లు, భయాలు తెలిసి, వారికీ ఆరోగ్య సేవలకూ మధ్య నిలబడి దారి చూపించే వ్యక్తి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలయ్యాక మన పల్లెల్లోకి వచ్చిన ఆశా కార్యకర్తల పనికి ఇది చాలా దగ్గరగా ఉంటుంది. టెక్సాస్ చట్టంలోనూ దరఖాస్తుల్లోనూ ఇదే పనికి ‘ప్రొమోటోరా’ అనే స్పానిష్ పేరు కూడా కనిపిస్తుంది కాబట్టి ఆ మాట చూసి అది వేరే కోర్సు అనుకోకండి. మెక్సికో సరిహద్దు ప్రాంతాల్లో పనిచేసే ప్రొమోటోరాల అనుభవం ఆధారంగా టెక్సాస్ శాసనసభ 1999లో ఈ రంగంపై తొలి చట్టం చేసింది. 2001లో సర్టిఫికేషన్ వ్యవస్థకు చట్టబద్ధత కల్పించింది. ఇప్పుడు దీన్ని రాష్ట్ర ఆరోగ్య సేవల శాఖ, అంటే డీఎస్‌హెచ్‌ఎస్, నిర్వహిస్తోంది.

ముందు ఒక్క విషయం తేల్చుకోండి: మీది జీతం లేని సేవా, జీతం ఉన్న పనా?

ఎటువంటి ప్రతిఫలమూ తీసుకోకుండా సేవ చేసేవారికి ఈ సర్టిఫికేషన్ పూర్తిగా స్వచ్ఛందం. అది లేదన్న కారణంతో మీ సేవను ఆపనవసరం లేదు. అదే పనికి జీతం తీసుకునేవారికి మాత్రం టెక్సాస్ చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. అయితే, రేపు ఆసుపత్రిలోనో, కౌంటీ ఆరోగ్య విభాగంలోనో, సామాజిక క్లినిక్‌లోనో ఉద్యోగం చేయాలన్న ఆలోచన ఏ కొంచెం ఉన్నా, స్వచ్ఛందంగా ఉన్న దశలోనే సర్టిఫికేట్ తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. 2023లో ఆమోదం పొందిన మరో చట్టం, మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కింద గర్భిణులకూ పిల్లలకూ అందే కేస్ మేనేజ్‌మెంట్ సేవలను, అంటే అవసరమైన సేవలు వారికి అందేలా సమన్వయం చేసే పనిని, కమ్యూనిటీ హెల్త్ వర్కర్లు కూడా అందించేందుకు వీలు కల్పించింది. అంటే ఈ అర్హతకు ఉద్యోగ విలువ పెరుగుతోంది.

వీసా విషయంలో చాలా జాగ్రత్త అవసరం. ఈ సర్టిఫికేట్ పని చేయడానికి అనుమతి పత్రం కాదు. ఈఏడీ (పని చేసేందుకు అనుమతి కార్డు) లేని హెచ్4 వీసాదారులు సర్టిఫికేట్ వచ్చినంత మాత్రాన జీతం తీసుకోకూడదు. ‘స్టైపెండ్’, ‘గిఫ్ట్ కార్డు’, ‘గౌరవ వేతనం’ వంటి పేర్లతో ఇచ్చేవి కూడా ప్రతిఫలంగా పరిగణన పొందవచ్చు. మామూలుగా జీతం ఇచ్చి చేయించే పనిని మీతో ఉచితంగా చేయించడం కూడా చిక్కులు తెచ్చే విషయమే. మీ పరిస్థితిలో ఏ కొంచెం అనుమానం ఉన్నా ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడిగి, ఆ తర్వాతే ముందుకు వెళ్లండి. స్నేహితుల వాట్సాప్ గ్రూపులో వచ్చిన సమాధానంతో సరిపెట్టుకోకండి.

కావలసినవి

- 18 సంవత్సరాలు నిండి ఉండాలి.
- టెక్సాస్‌లో నివసిస్తూ ఉండాలి.
- డీఎస్‌హెచ్‌ఎస్ గుర్తించిన సంస్థలో 160 గంటల శిక్షణ పూర్తి చేసిన పత్రం, లేదా 1,000 గంటల సేవానుభవానికి ఆధారాలు.
- ప్రభుత్వ గుర్తింపు పత్రంలో ఉన్న పేరుతో అక్షరం తేడా లేకుండా సరిపోయే కాగితాలు.
- మీరు రోజూ చూసుకునే ఈమెయిల్, సరైన చిరునామా.

డిగ్రీ అవసరం లేదు. నర్సింగ్ చదువు అవసరం లేదు. దరఖాస్తుకు రాష్ట్రం రుసుము వసూలు చేయదు. శిక్షణ సంస్థలు మాత్రం ఫీజు తీసుకోవచ్చు, తమ సొంత ప్రవేశ నియమాలు పెట్టుకోవచ్చు. కాబట్టి ఆ రెండింటినీ వేరుగా చూడండి.

1. మీకు ఏ దారి సరిపోతుందో లెక్క వేసి నిర్ణయించుకోండి

సర్టిఫికేషన్‌కు శిక్షణ దారి, అనుభవం దారి అని రెండు ఉన్నాయి. ఎన్నో ఏళ్లుగా సేవ చేస్తున్నవారు సహజంగా రెండో దారి వైపే మొగ్గు చూపుతారు. ఆ నిర్ణయానికి ముందు కాగితం మీద లెక్క వేయండి. వారానికి 4 గంటల చొప్పున చేస్తే 1,000 గంటలు పూర్తి కావడానికి 250 వారాలు, అంటే దాదాపు ఐదేళ్లు పడుతుంది. వారానికి 8 గంటలైతే 125 వారాలు, అంటే రెండేళ్లు దాటుతుంది. ఎప్పుడో చేసిన సేవ లెక్కలోకి రాదు. దరఖాస్తు పత్రంలో పేర్కొన్న ఇటీవలి కాలపరిధిలో చేసిన గంటలే చెల్లుతాయి. నెలకొక శిబిరానికి వెళ్లేవారికి ఈ దారి దాదాపు అసాధ్యం. అలాంటివారు శిక్షణ దారి ఎంచుకుంటే కొన్ని నెలల్లోనే పని పూర్తవుతుంది.

శిక్షణ దారికి అనుకూలంగా నేను చెప్పదలచిన కారణం మరొకటి ఉంది. అనుభవం ఉన్నవారిలో కూడా చాలామందికి ఇక్కడి బీమా పద్ధతులు, ప్రభుత్వ పథకాల అర్హతలు, గోప్యతా నియమాలు పూర్తిగా తెలియవు. 160 గంటలు ఆ లోటును తీరుస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో ఆశా కార్యకర్తగానో, ఏఎన్ఎంగానో పనిచేసి వచ్చినవారు అక్కడి గంటలను లెక్కలో చూపదలిస్తే, ముందుగా డీఎస్‌హెచ్‌ఎస్‌కు ఈమెయిల్ రాసి, రాతపూర్వకంగా సమాధానం తీసుకున్నాకే ఆ దారిన వెళ్లండి.

2. శిక్షణ సంస్థను ఎంచుకోండి

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఈ దశలోనే. ఇంటర్నెట్‌లో ‘కమ్యూనిటీ హెల్త్ వర్కర్ సర్టిఫికేట్’ అని ఇచ్చే కోర్సులు చాలా ఉన్నాయి. వాటిలో చదివినదాంట్లో లోపం లేకపోయినా, సంస్థకు డీఎస్‌హెచ్‌ఎస్ గుర్తింపు లేకపోతే ఆ పత్రం రాష్ట్ర దరఖాస్తుకు పనికిరాదు. ఇతర రాష్ట్రాల ప్రభుత్వ గుర్తింపు ఉన్న కోర్సు విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం.

అందుకని వరుసను తిరగేయండి. ముందు డీఎస్‌హెచ్‌ఎస్ వెబ్‌సైటులో గుర్తింపు పొందిన శిక్షణ సంస్థల జాబితా తెరిచి, అందులోంచే ఎంచుకోండి. కమ్యూనిటీ కాలేజీలు, స్థానిక ఆరోగ్య విభాగాలు, లాభాపేక్ష లేని సంస్థలు అందులో ఉంటాయి. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయానికి ఈ శిక్షణ కోసమే ప్రత్యేక కేంద్రం ఉంది. డబ్బు కట్టే ముందు సంస్థను ఈ నాలుగు ప్రశ్నలు అడగండి: ఇది 160 గంటల సర్టిఫికేషన్ కోర్సేనా, లేక సర్టిఫికేట్ ఉన్నవారికి ఇచ్చే నిరంతర విద్యా కోర్సా? తరగతులు నేరుగానా, ఆన్‌లైన్‌లోనా? ఒక తరగతి తప్పిపోతే ఆ గంటలు ఎలా పూర్తి చేయాలి? గ్రాంటు ద్వారా ఫీజు తగ్గింపు ఉందా? చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. గ్రాంటు డబ్బుతో ఉచితంగా శిక్షణ ఇచ్చే సందర్భాలు ఉంటాయి, అడిగినవారికే ఆ సంగతి తెలుస్తుంది.

తరగతులు ఇంగ్లిష్‌లోనో స్పానిష్‌లోనో జరుగుతాయి. మీ ఇంగ్లిష్ మీద మీకు నమ్మకం తక్కువైతే ఆన్‌లైన్ కోర్సు కంటే నేరుగా కూర్చుని నేర్చుకునే కోర్సు మేలు. అర్థం కానిది అక్కడికక్కడే అడగవచ్చు.

3. ఎనిమిది నైపుణ్యాలనూ పూర్తి చేయండి

160 గంటలను ఎనిమిది నైపుణ్యాలకు 20 గంటల చొప్పున పంచారు: సంభాషణ, మనుషులతో మెలగడం, సేవల సమన్వయం, ప్రజల సామర్థ్యాన్ని పెంచడం, వారి పక్షాన మాట్లాడటం, బోధన, పనిని క్రమంగా నిర్వహించుకోవడం, ఆరోగ్య విషయ పరిజ్ఞానం.

మనవారు చివరి అంశంలో బాగా రాణిస్తారు, సేవల సమన్వయంలో వెనకబడతారు. శిబిరంలో రక్తపోటు ఎక్కువగా వచ్చిన పెద్దాయనకు ఉప్పు తగ్గించమని చెప్పడం తేలిక. ఆయన కొడుకు దగ్గరికి సందర్శక వీసా మీద వచ్చారనీ, కొన్న ప్రయాణ బీమా పాత జబ్బులకు వర్తించకపోవచ్చనీ గ్రహించి, ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకునే సామాజిక ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో కనుక్కుని, అపాయింట్‌మెంట్ కుదిరిందో లేదో వారం తర్వాత ఫోన్ చేసి తెలుసుకోవడమే అసలైన పని. రాష్ట్రమంతటా 2-1-1 నంబరుకు ఫోన్ చేస్తే స్థానిక సేవల సమాచారం దొరుకుతుందనీ, మెడికెయిడ్‌కు అర్హత లేని గర్భిణులకు ఆదాయ పరిమితికి లోబడి చిప్ పెరినేటల్ పథకం ఉందనీ తెలిసి ఉండటం కూడా ఈ పనిలో భాగమే. శిక్షణలో ఈ తరగతులకు ఎక్కువ శ్రద్ధ పెట్టండి.

ఆరోగ్య పరిజ్ఞానంలో మన సమాజానికి సంబంధించిన ఒక విషయం గుర్తుంచుకోండి. మధుమేహ పరీక్ష అవసరాన్ని నిర్ణయించేటప్పుడు అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సాధారణంగా బీఎంఐ (ఎత్తును బట్టి బరువును లెక్కించే సూచిక) 25ను గీతగా పెట్టుకుంటుంది, ఆసియా సంతతివారికి మాత్రం 23ను తీసుకుంటుంది. సన్నగానే ఉన్నామని పరీక్ష వాయిదా వేసే మనవారికి మీరు చెప్పగలిగిన చాలా ఉపయోగకరమైన మాటల్లో ఇదొకటి.

4. అనుభవం దారి అయితే, గంటలను పని జరిగిన రోజే రాయండి

అనుభవం దారిలో దరఖాస్తులు బలహీనపడేది సేవ తక్కువై కాదు, రాత లేక. ఏడాది చివర కూర్చుని జ్ఞాపకం నుంచి నింపిన పట్టికను చూసి ఏ పర్యవేక్షకుడూ నిశ్చింతగా సంతకం చేయలేడు, చేయకూడదు కూడా. ప్రతి పనికీ తేదీ, చోటు, మొదలైన సమయం, ముగిసిన సమయం, చేసిన పని, అది ఎనిమిది నైపుణ్యాల్లో దేనికి చెందుతుంది, పర్యవేక్షించినవారు ఎవరు అన్న ఏడు గడులతో పట్టిక పెట్టుకోండి. నెలాఖరున సంస్థ బాధ్యులతో సంతకం చేయించండి. బాధ్యులు మారిపోయాక పాత నెలలకు సంతకం సంపాదించడం చాలా కష్టం.

వివరణ ఎలా రాస్తారన్నదే ఇక్కడ కీలకం. ‘శిబిరంలో సాయం చేశాను’ అన్న వాక్యం ఏమీ చెప్పదు. ‘ఉదయం 9 నుంచి 12 వరకు: రక్తపోటు ఎక్కువగా వచ్చినవారితో విడివిడిగా మాట్లాడి, మందులు మానేసిన కారణాలు తెలుసుకుని, ముగ్గురికి సామాజిక క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవడంలో సహాయపడ్డాను, సేవల సమన్వయం’ అన్న వాక్యం పనిని కళ్లకు కడుతుంది. రాసేది ఇంగ్లిష్‌లోనే రాయండి, తర్వాత అనువాదం చేయించే శ్రమ తప్పుతుంది.

శిబిరంలో కుర్చీలు వేయడం, ప్రసాదం పంచడం, విరాళాలు సేకరించడం, కారులో రానూపోనూ గడిపిన సమయం వంటివి ఈ లెక్కలో కలపకండి. అవి విలువైన సేవలే, కానీ కమ్యూనిటీ హెల్త్ వర్కర్ సేవలు కావు. ఇలాంటి గంటలు నాలుగు కలిస్తే మిగతా నిజమైన గంటల మీద కూడా అనుమానం వస్తుంది.

పట్టికలో సేవ పొందినవారి పేర్లు, ఫోన్ నంబర్లు, జబ్బుల వివరాలు గుర్తుపట్టే విధంగా ఎప్పుడూ రాయకండి. ‘60 దాటిన మహిళ’ అని రాస్తే చాలు. మన సంఘాలు చిన్నవి. ‘ఫలానా ఆలయంలో ఫలానా పిన్నిగారికి మధుమేహమట’ అన్న మాట మీ నోటి నుంచి ఒక్కసారి బయటికి వస్తే, తర్వాత ఎవరూ మీకు తమ సమస్య చెప్పుకోరు.

5. పేరు సరిచూసుకోండి

తెలుగువారికి ఇది ప్రత్యేకమైన చిక్కు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, శిక్షణ సంస్థలో పొడి అక్షరంగా నమోదవుతుంది. డ్రైవింగ్ లైసెన్సులో పేరు, ఇంటిపేరు తారుమారవుతాయి. పెళ్లయిన మహిళలకు పాస్‌పోర్టులో పుట్టింటి పేరు, ఇతర కాగితాల్లో అత్తింటి పేరు ఉండటం మామూలే. శిక్షణలో చేరిన రోజే మీ గుర్తింపు పత్రంలో ఉన్నట్టుగా పేరు నమోదు చేయించండి. పూర్తి చేసిన పత్రం చేతికి రాగానే, ఇంటికి వెళ్లేలోపు, అక్షరం అక్షరం చదవండి. అక్కడికక్కడ ఐదు నిమిషాల్లో దిద్దించుకోగలిగే తప్పు, కోర్సు ముగిసి బోధకులు మారాక వారాల పని అవుతుంది.

6. దరఖాస్తు నింపండి

డీఎస్‌హెచ్‌ఎస్ వెబ్‌సైటులోని కమ్యూనిటీ హెల్త్ వర్కర్ విభాగం నుంచే దరఖాస్తు తీసుకోండి. ఎవరో పంపిన పాత ఫారం నింపకండి, నియమాలు మారినప్పుడు ఫారం కూడా మారుతుంది. శిక్షణ ఆధారంగా చేసే దరఖాస్తు, అనుభవం ఆధారంగా చేసే దరఖాస్తు వేరువేరు. బోధకుల సర్టిఫికేషన్ మరొకటి, దాన్ని పొరపాటున తెరవకండి.

మీ తరఫున దరఖాస్తు పంపిస్తామని డబ్బు అడిగేవారు కనిపిస్తే దూరంగా ఉండండి. రాష్ట్రం ఉచితంగా తీసుకునే దరఖాస్తుకు మధ్యవర్తి అవసరం లేదు. అనుభవాన్ని ధ్రువీకరించే వ్యక్తికి ముందే ఫోన్ చేసి, డీఎస్‌హెచ్‌ఎస్ నుంచి విచారణ రావచ్చని చెప్పండి. ఆ వ్యక్తి మీ భర్తో, అక్కో, దగ్గరి బంధువో కాకుండా, మీ పనిని నిజంగా పర్యవేక్షించినవారై ఉండాలి.

పంపే ముందు ప్రతి పేజీనీ, జతచేసిన ప్రతి పత్రాన్నీ స్కాన్ చేసి దాచుకోండి. ఫోన్‌తో తీసిన ఫొటోల్లో అంచులు తెగిపోవడం, సంతకం మీద నీడ పడటం తరచుగా జరుగుతుంది. పంపే ఫైలును మీరే ఒకసారి తెరిచి చదవగలుగుతున్నారో లేదో చూడండి.

7. పంపిన తర్వాత

ఈమెయిల్‌ను, స్పామ్ ఫోల్డర్‌తో సహా, క్రమం తప్పకుండా చూసుకోండి. అదనపు వివరాలు కావాలని సందేశం వస్తే దరఖాస్తు తిరస్కరించారని కంగారు పడకండి. అడిగినదేదో, గడువెప్పుడో చూసి, అడిగినంత వరకే, ఒకే జవాబులో అన్నీ కలిపి పంపండి. విడతలు విడతలుగా పంపితే ఏది ఏ దరఖాస్తుకు చెందిందో తెలియక ఆలస్యమవుతుంది. నిర్ణయం రాకముందే సంఘం కరపత్రాల్లో, మీ పరిచయ పత్రంలో ‘సర్టిఫైడ్’ అని వేయించుకోకండి.

సర్టిఫికేట్ వచ్చాక సరిచూడవలసినవి

పేరు, సర్టిఫికేట్ నంబరు, గడువు ముగిసే తేదీ, ఈ మూడూ వెంటనే చూడండి. సర్టిఫికేట్ రెండేళ్ల పాటు చెల్లుతుంది. గడువుకు ఆరు నెలల ముందు తేదీని మీ ఫోన్ క్యాలెండర్‌లో ఇప్పుడే పెట్టుకోండి.

దీని హద్దులు కూడా అంతే స్పష్టంగా తెలుసుకోవాలి. ఈ సర్టిఫికేట్‌తో మీరు జబ్బు నిర్ధారించకూడదు, మందు మోతాదు మార్చమని చెప్పకూడదు, ఇండియా నుంచి తెచ్చుకున్న మందుకు బదులు ఇక్కడ ఏది వాడవచ్చో సూచించకూడదు. పెద్దవాళ్లు చనువుతో ‘నువ్వు చెప్పు తల్లీ, ఈ మాత్ర సగం చేయనా?’ అని అడుగుతారు. అటువంటప్పుడు ‘నేను చెప్పకూడదండీ, ఫార్మసిస్టుకు ఇప్పుడే ఇద్దరం కలిసి ఫోన్ చేద్దాం’ అనడమే సరైన జవాబు. ఆసుపత్రిలో దుబాసీగా పనిచేయడానికీ ఇది అర్హత పత్రం కాదు. ఆసుపత్రి ఏర్పాటు చేసే శిక్షణ పొందిన దుబాసీని అడిగే హక్కు రోగికి ఉందని చెప్పి, అది జరిగేలా చూడండి.

ఇది టెక్సాస్‌కు చెందిన సర్టిఫికేట్. ఉద్యోగ బదిలీతో వేరే రాష్ట్రానికి వెళితే దానంతటదే అక్కడ చెల్లదు. మసాచుసెట్స్, న్యూమెక్సికో, అరిజోనా వంటి రాష్ట్రాలకు తమ సొంత స్వచ్ఛంద సర్టిఫికేషన్ వ్యవస్థలు ఉన్నాయి, వాటి గంటల లెక్కలూ వేరు. అందుకే మీ శిక్షణ పత్రాన్నీ, సంతకాలు చేయించిన గంటల పట్టికనూ సర్టిఫికేట్ వచ్చేసిందని పారేయకండి. కొత్త రాష్ట్రంలో దరఖాస్తుకు మీ దగ్గరున్న ఆధారాలు అవే.

పునరుద్ధరణ

రెండేళ్లలో 20 గంటల నిరంతర విద్య పూర్తి చేయాలి. అందులో కొంత భాగం తప్పనిసరిగా డీఎస్‌హెచ్‌ఎస్ గుర్తించిన కోర్సుల ద్వారానే జరగాలి. ఆలయంలో వైద్యులు ఇచ్చే ఉపన్యాసం విన్న గంటలు ఆ గుర్తింపు కిందికి రావు. అవి మిగతా భాగంలో చేరాలన్నా ఎనిమిది నైపుణ్యాలతో సంబంధం ఉండాలి, హాజరైనట్టు కాగితం ఉండాలి. మూడు నెలలకు రెండున్నర గంటల చొప్పున పూర్తి చేస్తూ పోతే భారం తెలియదు. చివరి నెలలో వెతుక్కుంటే సీట్లు దొరకకపోవచ్చు.

ఇల్లు మారితే, ఈమెయిల్ మారితే డీఎస్‌హెచ్‌ఎస్‌కు వెంటనే తెలియజేయండి. గడువు దగ్గర పడిందని గుర్తుచేసే సందేశం పాత చిరునామాకు వెళ్లినా, సకాలంలో పునరుద్ధరించుకునే బాధ్యత మీదే అవుతుంది.